చొరబాటు ఆల్చిప్పలు - నదీ ప్రవాహం

చొరబాటు ఆల్చిప్పలు అనగా తమ స్వస్థలం కాని నదులలో, జలాశయాలలో ప్రవేశించి విపరీతంగా వృద్ధిచెందే మంచినీటి ఆల్చిప్పలు. జీబ్రా ఆల్చిప్ప, బంగారు ఆల్చిప్ప వీటిలో పేరొందినవి. వీటి పెరుగుదలను నిర్ణయించే ముఖ్యాంశాలలో నీటి వేగం ఒకటి.

జీవనచక్రం

మన చెరువులలోని ఆల్చిప్ప (లామెల్లిడెన్స్) పిల్లదశలో చేపల మొప్పలను, రెక్కలను పట్టుకొని బతుకుతుంది. చేప ఎదురీదితే అది కూడా ఎగువకు చేరగలదు. పెరిగిన తరువాత బురదలో దిగి ఉంటుంది. చొరబాటు ఆల్చిప్పలకు చేపతో పనిలేదు. కంటికి ఆనని వీటి డింభకాలు నీటిలో తేలుతూ ప్రవాహంతో పోయి, తరువాత బైసస్ అనే పోగులతో రాతికి, ఇనుముకు, సిమెంటు గోడకు, చివరకు మరొక ఆల్చిప్పకు కూడా అంటుకుంటాయి.

ప్రవాహ ప్రభావం

వేగంగా పారే నదిలో డింభకాలు స్థిరపడకముందే దిగువకు కొట్టుకొనిపోతాయి. కనుక ఎగువన ఏదైనా జలాశయం ఉండి కొత్త డింభకాలను పంపుతూ ఉంటేనే అటువంటి నదిలో వీటి సంతతి నిలుస్తుంది. పెద్దవాటి సంగతి వేరు. ఇవి నీటిని వడకట్టి అందులోని సూక్ష్మ శైవలాలను తింటాయి. నీరు బొత్తిగా కదలకుంటే చుట్టూ ఉన్న ఆహారం తరిగిపోతుంది. జీబ్రా ఆల్చిప్ప వడకట్టే శక్తి సెకనుకు సుమారు 10 సెంటీమీటర్ల వేగం వరకు పెరిగి, 20 సెంటీమీటర్ల వద్దకు వచ్చేసరికి తగ్గుతుందని ప్రయోగాలలో తేలింది. వేగం సుమారు 1.5 నుండి 2 మీటర్లు మించితే డింభకాలు గొట్టపు గోడను అంటుకోలేవు.

గోదావరి

పెద్దపల్లి వద్ద పూర్వం గోదావరి వేసవిలో ఇసుక తిన్నెల నడుమ సన్నని పాయ, వానాకాలంలో మహాప్రవాహం. కదిలే ఇసుక వీటికి ఆధారం కానేరదు. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం (20.175 టి.ఎం.సి.) నిలువనీటిని, కాంక్రీటు గోడలను రెండింటినీ సమకూర్చింది. రామగుండం ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం, హైదరాబాదు నగర తాగునీటి పథకం ఇక్కడి నీటినే తీసుకుంటాయి. ఇతర దేశాలలో చొరబాటు ఆల్చిప్పలు పూడ్చివేసినవి సరిగ్గా ఇటువంటి గొట్టాలనే.

1988లో ఉత్తర అమెరికా మహాసరస్సులలో కనబడిన జీబ్రా ఆల్చిప్ప చల్లని నీటి జీవి. రామగుండం ఎండలకు అది నిలవడం కష్టం. చైనాకు చెందిన బంగారు ఆల్చిప్ప వేడిని బాగా తట్టుకుంటుంది. అది 1991లో అర్జెంటీనాలో, 2024లో కాలిఫోర్నియాలో బయటపడింది. మనం జాగ్రత్త పడవలసినది దీని విషయంలోనే. ఓడలే ఇటువంటి జీవులను ఖండాంతరాలకు మోస్తాయి. వీటికి దగ్గరి పోలికగల ఉప్పునీటి జీవి మైటిలాప్సిస్ 1967లో విశాఖపట్నం ఓడరేవులో కనబడింది.

నివారణ

జలాశయపు నీటిమట్టాన్ని దించి ఒడ్డును ఎండబెట్టడం ఒక పద్ధతి. అయితే గోడలకు అంటుకున్న పరాయి ఆల్చిప్పలతో పాటు ఒడ్డు బురదలోని స్థానిక ఆల్చిప్పలు కూడా దీనివలన చనిపోతాయి.