ఊపిరితిత్తుల క్షయ నిర్ధారణలోను, చికిత్సలోను జాప్యం

ఊపిరితిత్తుల క్షయ సోకిన వ్యక్తికి తొలి లక్షణం కనిపించిన రోజుకు, సరియైన మందు మొదటి మోతాదు పడిన రోజుకు మధ్య గడచిపోయే కాలాన్ని జాప్యం అంటారు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాఖ్ 1882లో కనుగొన్నాడు. దానిని చంపగల మందులు 1940వ దశకం నుండి లభిస్తున్నాయి. ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షకు గాని, మందులకు గాని రుసుము లేదు. అయినప్పటికీ భారతదేశంలో రోగికి వ్యాధి పేరు తెలియడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతున్నది. చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతమైన మదనపల్లె, తంబళ్లపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఈ సమస్యను పరిశీలించడానికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. దేశంలో క్షయపై జరిగిన ముఖ్యమైన పరిశోధనలలో కొన్ని మదనపల్లె పరిసరాలలోనే జరిగాయి. (2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో మదనపల్లె, తంబళ్లపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో ఉండిపోయాయి.)

జాప్యంలోని భాగాలు

దగ్గు మొదలైనప్పటి నుండి రోగి మొదటిసారి వైద్యుని వద్దకు వెళ్ళేవరకు పట్టే కాలాన్ని రోగి వలన జాప్యం అంటారు. అక్కడి నుండి వ్యాధి క్షయ అని తేలేవరకు పట్టేది వైద్య వ్యవస్థ వలన జాప్యం. తేలిన తరువాత మందు మొదలయ్యేవరకు పట్టేది చికిత్సా జాప్యం. భారతదేశంలో జరిగిన వేర్వేరు అధ్యయనాలను ఒకచోట చేర్చి 2014లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం ఈ మూడింటి మధ్యస్థ విలువలు వరుసగా సుమారు 18 రోజులు, 31 రోజులు, రెండున్నర రోజులు. మొత్తం జాప్యపు మధ్యస్థ విలువ సుమారు 55 రోజులు. వ్యాధి తేలేలోపు ఒక్కొక్క రోగి సగటున ముగ్గురికి దగ్గరగా (2.7) వైద్యులను కలిశాడు. దాదాపు సగం మంది మొదట వెళ్ళినది ప్రైవేటు వైద్యుని వద్దకే.

జబ్బు ముదిరి వచ్చిన రోగిని చూసి "ఇన్నాళ్ళు ఏం చేస్తున్నావు" అని మందలించడం ఆసుపత్రులలో తరచు వినిపించే మాట. పై లెక్కలు చూస్తే ఆ మందలింపులో న్యాయం తక్కువ. ఆ రోజులలో ఎక్కువ భాగం అతడు ఏదో ఒక వైద్యుని చేతిలోనే ఉన్నాడు.

మదనపల్లె అనుభవం

మదనపల్లెకు సమీపంలోని ఆరోగ్యవరంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి స్థాపించిన యూనియన్ మిషన్ క్షయ శానటోరియం 1915లో ప్రారంభమైనది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దీనికి తొలి అధిపతి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, పొడి గాలి గల ప్రదేశంలో ఉన్నది. మందులు లేని ఆ రోజులలో విశ్రాంతి, మంచి ఆహారం, స్వచ్ఛమైన గాలి, తరువాత కొన్ని శస్త్రచికిత్సలు మాత్రమే వైద్యం. ఈ వైద్యం వ్యాధి తొలిదశలో ఉన్నవారికే ఎక్కువగా ఉపయోగపడేది. అందువలన నాటి శానటోరియం వైద్యులందరికీ రోగి ఎంత త్వరగా వస్తాడన్నదే ముఖ్యమైన ప్రశ్న. తరువాత ఈ సంస్థకు అధిపతిగా పనిచేసిన డా. పి.వి. బెంజమిన్ భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యాడు.

స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట 1948లో బి.సి.జి. టీకాను దేశంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుండి ఫ్రిమోట్ మోలర్ కుమారుడు జోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో పట్టణంలోను, చుట్టుపక్కల పల్లెలలోను ఇంటింటికీ వెళ్ళి ట్యూబర్‌క్యులిన్ పరీక్షలు, ఛాతీ ఎక్స్-రేలు తీశారు. ఈ అధ్యయన ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినవి. ఆసుపత్రి గుమ్మంలో కూర్చుని రోగి కోసం ఎదురుచూడటం ఒకటి, రోగి ఉన్న ఊరికి యంత్రాన్ని తీసుకుపోవడం మరొకటి. తనంతట తాను వైద్యానికి రాని రోగి ఈ రెండవ పద్ధతిలోనే లెక్కకు వస్తాడు.

1955-58 మధ్య భారత వైద్య పరిశోధన మండలి జరిపిన జాతీయ నమూనా సర్వేకు ఎన్నుకున్న ఆరు మండలాలలో మదనపల్లె, హైదరాబాదు రెండూ ఉన్నాయి. క్షయ పట్టణాల జబ్బు, మురికివాడల జబ్బు అన్న నమ్మకాన్ని ఈ సర్వే తుడిచివేసినది. పల్లెలలో కూడా అది దాదాపు అంతే ఉన్నదని తేలినది. ఆసుపత్రులు పట్టణాలలో, రోగులు పల్లెలలో ఉన్నారన్న సంగతి అప్పటి నుండి ప్రణాళికలు వేసేవారికి తలనొప్పిగానే ఉన్నది.

1956లో మద్రాసులో మొదలై 1959లో ఫలితాలు వెలువడిన ప్రయోగం మరొక మలుపు. ఇంటి వద్దనే మందులు తిన్న పేద రోగులు శానటోరియంలో పడుకున్నవారితో సమానంగా కోలుకున్నారు. ఇంట్లోవారికి జబ్బు అంటుకోవడం కూడా పెరగలేదు. దీనితో శానటోరియంలో పడక కోసం వేచి ఉండవలసిన అవసరం తీరిపోయినది. అనగా జాప్యానికి గల ఒక పెద్ద కారణం తొలగినది. మిగిలినవి తొలగలేదు.

రోగి వైపు కారణాలు

క్షయ దగ్గు మెల్లగా మొదలవుతుంది. సాయంత్రం పూట స్వల్ప జ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం కూడా ఒక్కరోజులో రావు. బీడీ కాల్చేవాడు అది పొగ దగ్గు అనుకుంటాడు. కట్టెల పొయ్యి ముందు వంట చేసే స్త్రీ తన దగ్గుకు పొగను కారణంగా చెప్పుకుంటుంది. రోజు కూలీకి ఆసుపత్రి అంటే ఒక రోజు కూలి పోవడమే. కఫం పరీక్షకు ఒకటికి రెండుసార్లు రమ్మంటే రెండు రోజుల కూలి పోతుంది. రక్తం పడినప్పుడు మాత్రం ఎవరైనా భయపడి పరుగెత్తుతారు, కాని అది అందరిలోను కనిపించే లక్షణం కాదు.

పెళ్ళి కావలసిన ఆడపిల్లకు క్షయ ఉన్నదని తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో ఇంటివారు దగ్గరలోని ఆసుపత్రిని వదిలి, తెలిసినవారు ఉండని దూరపు ఊరికి తీసుకుపోవడం జరుగుతుంది. కోడలికి జబ్బు అయితే పుట్టింటికి పంపివేయడం కూడా ఉన్నది. ఇవి అజ్ఞానం వలన జరిగేవి కావు. జబ్బు సంగతి బాగా తెలిసినందువలననే దాచుతారు.

2019-21 మధ్య జరిగిన జాతీయ క్షయ సర్వేలో లక్షణాలు ఉన్నవారిలో సుమారు 64 శాతం మంది ఎక్కడా వైద్యానికి వెళ్ళలేదని తేలినది. కారణం అడిగితే లక్షణాలను పట్టించుకోలేదన్నవారే అత్యధికులు. డబ్బు లేక వెళ్ళలేదన్నవారు నూటికి ఇద్దరు మాత్రమే. 2014 సమీక్షలోని 18 రోజులతో దీనిని పోల్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ 18 రోజులు చివరకు ఆసుపత్రికి చేరినవారివి. అసలు చేరనివారు ఆ లెక్కలో లేరు.

వైద్యుని గుమ్మం దాటిన తరువాత

బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ 1959లో ఏర్పడినది. ఈ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ అనే పరిశోధకులు తుమకూరు జిల్లా పల్లెలలో క్షయ రోగులను కలిసి మాట్లాడి 1963లో ఫలితాలను ప్రచురించారు. పల్లె జనానికి క్షయ గురించి స్పృహ లేదని, ముందు వారికి చెప్పిచూపాలని అప్పటివరకు అందరూ అనుకునేవారు. రోగులలో దాదాపు అందరికీ తమ లక్షణాలు తెలుసునని, సగం మందికి పైగా అప్పటికే వైద్యం కోసం వెళ్ళి వచ్చారని ఈ అధ్యయనం చూపినది. వెళ్ళినవారికి దొరికినది తరచు ఒక సీసా దగ్గు మందు. 1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమం ప్రత్యేక ఆసుపత్రులపై కాక సాధారణ ఆరోగ్య కేంద్రాలపై ఆధారపడటం వెనుక ఈ ఆలోచనే ఉన్నది.

తుమకూరులో కనిపించినది రాయలసీమ పల్లెలకు కొత్త కాదు. పల్లెలో దగ్గు వచ్చినవాడు మొదట వెళ్ళేది ఊరి ఆర్.ఎం.పి. వద్దకు గాని, మందుల దుకాణానికి గాని. అక్కడ ఒక సూది, దగ్గు మందు, మూడు రోజుల మాత్రలు ఇస్తారు. తగ్గకపోతే మాత్రలు మారతాయి. తరువాత పట్టణంలోని నర్సింగ్ హోమ్‌కు వెళితే ఎక్స్-రే చూసి నెమ్ము అని చెప్పి యాంటీబయాటిక్ రాయవచ్చు. ఫ్లోరోక్వినొలోన్ జాతి యాంటీబయాటిక్‌లతో ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అవి క్షయ సూక్ష్మజీవిపై కూడా కొంత పనిచేస్తాయి. రోగికి పది రోజులు హాయిగా ఉంటుంది, కఫం పరీక్షలో సూక్ష్మజీవి దొరకదు, మందు ఆపిన కొన్నాళ్ళకు దగ్గు మళ్ళీ తిరగబెడుతుంది. ఉబ్బసం అనుకుని ఇచ్చే స్టెరాయిడ్‌లు ఇంకొక విధంగా హాని చేస్తాయి. అవి రోగ నిరోధక శక్తిని తగ్గిస్తాయి.

ఢిల్లీలో ప్రైవేటు వైద్యుల వద్దకు శిక్షణ పొందినవారిని క్షయ లక్షణాలతో రోగుల వలె పంపి చూసిన అధ్యయనం ఒకటి 2015లో వెలువడినది. 250 సందర్శనలలో 52 సార్లు మాత్రమే, అనగా ఐదింట ఒక వంతు, సరియైన పద్ధతిలో వ్యవహరించారు. కఫం పరీక్షలో క్షయ ఉన్నట్లు తెలిపే కాగితం చూపిన "రోగుల" విషయంలో వైద్యులు మెరుగుగా వ్యవహరించారు.

వైద్యుని వైపు నుండి చూస్తే, దగ్గుతో వచ్చే వందమందిలో అత్యధికులకు క్షయ ఉండదు. ప్రతివారినీ పరీక్షకు పంపితే రోగి వేరే వైద్యుని వద్దకు పోతాడన్న జంకు ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రికి పంపిన రోగి మళ్ళీ తన వద్దకు రాడన్నది మరొకటి. ఈ రెండవ భయాన్ని దృష్టిలో పెట్టుకుని 1995లో హైదరాబాదులోని మహావీర్ ఆసుపత్రి ఒక పద్ధతిని మొదలుపెట్టినది. చుట్టుపక్కల ప్రైవేటు వైద్యులు అనుమానితులను పంపుతారు, పరీక్షలు అక్కడ జరుగుతాయి, రోగి మాత్రం తన ఇంటి దగ్గరి నర్సింగ్ హోమ్‌లోనే ఉచిత మందులు మింగుతాడు. వైద్యుడు రోగిని పోగొట్టుకోడు. ప్రభుత్వ, ప్రైవేటు వైద్యుల సహకారానికి దేశంలో దీనిని తొలి ఉదాహరణలలో ఒకటిగా పేర్కొంటారు. 2012 మే నెలలో ప్రతి క్షయ రోగి వివరాలను ప్రభుత్వానికి తెలపడం తప్పనిసరి అయినది. అదే సంవత్సరం జూన్‌లో, రక్తంలోని ప్రతిరక్షకాలను బట్టి క్షయను తేల్చే పరీక్షలను కేంద్రం నిషేధించినది. అప్పటివరకు రోగులు వాటికి డబ్బు పోసి తప్పుడు ఫలితాలు తెచ్చుకునేవారు.

పరీక్షల పరిమితులు

కఫాన్ని (చిత్తూరు వైపు గళ్ళ అంటారు) గాజుపలకపై పూసి రంగువేసి సూక్ష్మదర్శినితో చూడటం వంద సంవత్సరాలకు పైగా వాడుకలో ఉన్న పద్ధతి. చౌక. అయితే ఒక మిల్లీలీటరు కఫంలో 5,000 నుండి 10,000 సూక్ష్మజీవులు ఉంటే తప్ప అవి కంటికి దొరకవు. కఫానికి బదులు లాలాజలం ఇచ్చి వెళ్ళే రోగులు కూడా ఎక్కువే. ఎలా దగ్గి తీయాలో చెప్పేందుకు ప్రయోగశాలలో ఒక నిమిషం కేటాయిస్తే ఇది తప్పుతుంది. సూక్ష్మజీవిని పెంచి చూసే కల్చర్ పరీక్ష నమ్మదగినదే గాని దానికి వారాలు పడుతుంది. సి.బి.నాట్, గోవాలో తయారయ్యే ట్రూనాట్ వంటి జన్యు పరీక్షలు కొన్ని గంటలలో ఫలితం చెబుతాయి, రిఫాంపిసిన్‌కు మొండికేసిన సూక్ష్మజీవినీ గుర్తిస్తాయి.

ఎవరిని పరీక్షించాలన్న నియమం కూడా మారినది. మూడు వారాల దగ్గు ఉండాలన్న నియమాన్ని 2009లో రెండు వారాలకు తగ్గించి, మూడు కఫం నమూనాలకు బదులు రెండు చాలునన్నారు. అయితే అసలు దగ్గే లేనివారి సంగతి ఏమిటి? 2019-21 సర్వేలో తేలిన రోగులలో 42.6 శాతం మంది, ఛాతీ ఎక్స్-రే తీయకపోయి ఉంటే దొరికేవారు కారు.

మధుమేహం ఉన్నవారిలో ఎక్స్-రే మచ్చలు క్షయకు అలవాటైన పై భాగంలో కాక కింది భాగంలో కనిపించి వైద్యుని తప్పుదారి పట్టించవచ్చు. కుప్పం ప్రాంతం గ్రానైట్‌కు పేరుపొందినది. రాతి ధూళి పీల్చడం వలన వచ్చే సిలికోసిస్ క్షయ ముప్పును పెంచడమే కాక, ఎక్స్-రేలో క్షయను పోలిన మచ్చలనే చూపుతుంది. క్వారీలో పనిచేసినవాడి దగ్గును అడగకుండానే ధూళి ఖాతాలో వేయడం ప్రమాదకరం.

సరిహద్దు ప్రాంతపు చిక్కులు

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. మదనపల్లె, పుంగనూరు, తంబళ్లపల్లె ప్రజలకు కర్ణాటక పొరుగునే ఉన్నది. వర్షాధార పంటలు దెబ్బతిన్న సంవత్సరాలలో కూలీలు బెంగుళూరు బాట పడతారు. భవన నిర్మాణ స్థలంలో దగ్గు మొదలై, అక్కడొక వైద్యుని, పండుగకు ఊరికి వచ్చినప్పుడు ఇక్కడొక వైద్యుని చూసిన రోగి ప్రతిచోటా కొత్త రోగి అవుతాడు. మొదటి వైద్యుడు ఏ మందు ఇచ్చాడో రెండవవాడికి తెలియదు. 2012లో మొదలైన నిక్షయ్ అనే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థలో రోగిని ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి బదిలీ చేయవచ్చును. కాని అది క్షయ అని తేలిన తరువాతి మాట. తేలకముందు తిరిగిన తిరుగుడు ఎక్కడా నమోదు కాదు.

మందు మొదలయ్యేవరకు

ఇది చిన్న భాగమే. ఫలితం వచ్చేసరికి రోగి ఊరు వదిలిపోవడం, చిరునామా తప్పుగా ఉండటం ముఖ్య కారణాలు. సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. 2017 నుండి వారానికి మూడు రోజుల పద్ధతి స్థానంలో ప్రతిరోజూ మందు ఇచ్చే పద్ధతి వచ్చినది. 2018 ఏప్రిల్ నుండి పోషకాహారం కోసం నెలకు 500 రూపాయలు ఇవ్వగా, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేశారు. అదే 2024 మార్చిలో కేంద్రం నుండి మందుల సరఫరా ఆలస్యమై, స్థానికంగా కొనుక్కోవలసినదిగా రాష్ట్రాలకు సూచించవలసి వచ్చినది.

జాప్యం వలన నష్టం

చికిత్స పొందని రోగి ఒక సంవత్సరంలో 10 నుండి 15 మందికి సూక్ష్మజీవిని అంటించగలడని అంచనా. జాతీయ క్షయ సంస్థ 1961-68 మధ్య బెంగుళూరు జిల్లా పల్లెలలో గమనించిన రోగులలో ఐదేళ్ళు గడిచేసరికి దాదాపు సగం మంది మరణించారు. మూడవ వంతు మందికి వ్యాధి తనంతట తాను నయమైనది. మిగిలిన 18 శాతం మంది కఫంలో సూక్ష్మజీవులను వెదజల్లుతూనే ఉన్నారు.

ఆలస్యంగానైనా మందు పడితే సూక్ష్మజీవి చస్తుంది, కాని ఊపిరితిత్తిలో పడిన గుల్ల పూడకపోవచ్చు. క్షయ నయమైన తరువాత ఏళ్ళ తరబడి ఆయాసం, అప్పుడప్పుడు రక్తం పడటం ఇటువంటివారిలోనే ఎక్కువ. పాత మచ్చలను కొత్త క్షయగా పొరబడి, కఫం పరీక్ష లేకుండానే వీరికి మళ్ళీ ఆరు నెలల మందులు మొదలుపెట్టడం కూడా జరుగుతుంటుంది.