సలిమంట కాడ సంగపు ముచ్చట

జెర దగ్గరికి జరుగుండ్రి. ఆ కందికట్టె లోపలికి ఎగదొయ్యి బిడ్డా, పొగ నా దిక్కే వస్తున్నది.

నిజాం రాజ్యం ఇండియాల కలిసిన సెప్టెంబరు 17 రాంగనే ఒక్కొక్క పార్టోళ్లు ఒక్కొక్క పేరు పెట్టి జెండ ఎగిరేస్తరు. విమోచనమని ఒకలు, విలీనమని ఒకలు. "అసలు కొట్లాట ఉర్దూ మీదనా, ముసల్మాన్ల మీదనా, దొరల మీదనా తాతా?" అని అడిగితివి గద. అన్నీ ఉండెరా. కానీ అన్నీ ఒక్క తీరు లెవ్వు.

ముందుగాల లేచింది భాష. 1921 నవంబరుల హైదరాబాదుల, వివేకవర్ధినిల సంఘ సంస్కార సభ అయితున్నది. పూనా నుంచి కార్వే పండితుడు అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావు అని వకీలు తెలుగుల మాట్లాడుదామని లేస్తె గేలి చేసిండ్రు. మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు నడుస్తయట, తెలుగు నడవదట! ఆ రాత్రే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే ముందటికి ఆంధ్ర మహాసభ అయింది. 1930ల జోగిపేటల మొదటి సభ, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. తెలంగాణల కవులేడున్నరని ఎవలో అంటె, 1934ల 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక అచ్చేసి చూపిచ్చిండు. ఆయన రోషమది.

కానీ సదువుకున్నోని రోషం సదువుకున్నోనికే తెలుస్తది. మా నాయనకు అచ్చరమే రాదాయె. దొర గడీల వెట్టి చేసెటోనికి జనసంఘమోళ్లు గ్రంథాలయం పెడ్తె ఏం ఒరుగుతది?

ఇగ ఆర్యసమాజం. సుల్తాన్‌బజార్ల 1892 నుంచే ఉండె. మజ్లిస్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ మనుషులు మాల మాదిగలను ఇస్లాంల కలుపుకుంటుంటె, వీళ్లు శుద్ధి చేసి మళ్ల తెచ్చేది. 1938–39ల నిజాం మీద సత్యాగ్రహం చేస్తె దేశమంత నుంచి వచ్చి జైళ్లకు పోయిండ్రు. ధైర్యం నేర్పిండ్రు, అది కాదనొద్దు. అయితె గడీల కూసున్న దొర గూడ హిందువే గద? అక్కడ వాళ్ల నోరు పెద్దగ లేవలే.

జనగామ దిక్కు కామారెడ్డిగూడెంల బందగీ అని ముసల్మాను రైతు. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖు మీద కోర్టుల కొట్లాడి గెల్చిండు. 1940ల నరికి సంపిండ్రు. ఆ విసునూరు దొర గూండాలే 1946 జులై 4న కడివెండిల ఆంధ్ర మహాసభల పనిచేసె దొడ్డి కొమురయ్యను కాల్చి సంపిరి. ఒకలు సాయిబు, ఒకలు కురుమ. సంపిచ్చిన దొర ఒక్కడే. 1948 ఆగస్టుల హైదరాబాదుల షోయబుల్లాఖాన్ అని పత్రిక నడిపెటాయనను నిజాం దిక్కు నిలవడ్డ రజాకార్లు పొట్టన పెట్టుకున్నరు, హైదరాబాదు ఇండియాల కలవాలె అని రాసినందుకు. ఇది మతాల కొట్లాట అనెటోడు ముందుగాల ఈ ముగ్గురి లెక్క చెప్పాలె.

అన్నీ ఒక్క ఇంట్లనే చూడాల్నంటె దూరమెందుకు, పక్కకే చిన్నగూడూరు. దాశరథి అన్నదమ్ములది వైష్ణవుల ఇల్లు. పెద్దాయన కృష్ణమాచార్య నిజామాబాదు జైల్ల పండ్లు తోముకునె బొగ్గుతోని గోడల మీద నిజాం మీద పద్యాలు రాసిండు. ఆయనే తర్వాత గాలిబ్ ఉర్దూ కవిత్వాన్ని తెలుగు చేసిండు. నిజాం వేరు, ఉర్దూ వేరు అని ఆయనకు ఎవలూ చెప్పనక్కర లేకపాయె. తమ్ముడు రంగాచార్య ఎర్రజెండ పట్టిండు, ముసలితనంల వేదాలు తెనుగు చేసిండు. ఏ డబ్బల పెడ్తరు వాళ్లను?

భాష ఒక దిక్కు, మతం ఒక దిక్కు, ఐర్లండు దేశం కత గూడ ఇట్లనే ఉంటది. అక్కడ ఇంగ్లీషోళ్ల మీద లేచిన వుల్ఫ్ టోన్ ఏలెటోళ్ల మతపోడే, ప్రొటెస్టంటు. క్యాథలిక్కులు, మనం ఒక్కటై ఇంగ్లీషోని మీదికి లేవాలె అన్నడు. వందేండ్లకు, 1893ల, భాష కోసం గేలిక్ లీగు పెట్టిన డగ్లస్ హైడ్ గూడ ప్రొటెస్టంటే. తీరా రాజ్యం చేతికొచ్చినంక క్యాథలిక్ చర్చి మాట చెల్లింది.

మన తాన జనాన్ని లేపింది మాత్రం భూమి, వెట్టి. 1944ల భువనగిరి సభల కమ్యూనిస్టు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైనప్పుడు మహాసభ రెండు చీలికలాయె. మెల్లగ నడుద్దామనెటోళ్లు లేచిపోయిండ్రు, ఉన్నది మాలాంటోళ్ల సంగమైంది. అప్పుడు మా నాయన సుత సంగం చిట్టీ రాయిచ్చుకున్నడు, ఏలిముద్ర ఏసి. భాష వద్దనలేదు ఆయన. సంగం పాటలు తెలుగులనే గద పాడింది.

ఇండియా ఫౌజు వచ్చి నిజామును లొంగదీసిన పోలీసు యాక్షన్ అయినంక ఏమైంది అంటవా? ఇంతమంది కొట్లాడిన ఆ నిజామే గవర్నరు లెక్క రాజప్రముఖ్ అయి 1956 దాక కూసున్నడు. సంగానికి భయపడి ఊర్లిడిసి ఉరికిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకొని పోలీసోళ్ల ఎనక తిరిగొచ్చిండ్రు, సంగం జనానికి పంచి ఇచ్చిన భూములు మళ్ల అడిగిండ్రు. మా నాయన మళ్ల సంగపోళ్ల కోసం అడివి బాట పట్టిండు.