చిన్న కారు మైలేజీ పెరగాలంటే: జంషెడ్‌పూర్ రోడ్లపై డ్రైవింగ్ అలవాట్ల పాఠం

ఉదయం కార్యాలయాలకు వెళ్లే వేళ, కర్మాగారాల్లో షిఫ్టులు మారే వేళ మానగో వంతెనపై వాహనాలు బారులు తీరడం జంషెడ్‌పూర్ వాసులకు నిత్యానుభవం. ఆ బారులో ఒకే కంపెనీకి చెందిన, ఒకే నమూనా చిన్న కార్లు రెండు పక్కపక్కనే ఉండవచ్చు. ఒకటి లీటరు పెట్రోలుకు 18 కిలోమీటర్లు నడుస్తుంటే, రెండోది 15 వద్దనే ఆగిపోవచ్చు. కారు మంచి స్థితిలోనే ఉన్నప్పుడు ఈ వ్యత్యాసానికి ప్రధాన కారణం దానిని నడిపే పద్ధతి.

ఈ 3 కిలోమీటర్ల తేడా విలువ తక్కువేమీ కాదు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబం 15 కిలోమీటర్ల మైలేజీతో సుమారు 67 లీటర్లు, 18 కిలోమీటర్ల మైలేజీతో సుమారు 56 లీటర్లు వాడుతుంది. నెలకు 11 లీటర్ల చొప్పున ఏడాదికి 130 లీటర్లకు పైగా ఆదా అవుతుంది. లీటరు ధర 100 రూపాయలుగా లెక్కిస్తే ఇది 13,000 రూపాయలు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక, ఆ మేరకు 300 కిలోల కాలుష్య వాయువు కూడా తగ్గుతుంది. ముడి చమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతులపై ఆధారపడిన మన దేశానికి ఈ పొదుపు వల్ల కలిగే మేలు వేరే చెప్పనవసరం లేదు.

బ్రేకులో కరిగిపోయే ఇంధనం

కారును కదిలించి వేగం అందించడానికి ఇంజను ఇంధనాన్ని ఖర్చు చేస్తుంది. బ్రేకు నొక్కిన క్షణంలో ఆ శక్తి అంతా బ్రేకు పలకల వద్ద వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ప్రయాణికులతో కలిపి 1,000 కిలోల బరువున్న చిన్న కారును గంటకు 60 కిలోమీటర్ల వేగానికి చేర్చడానికి, ఇంజను సామర్థ్యాన్ని కూడా పరిగణనలోకి తీసుకుంటే, సుమారు 20 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. అంటే 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును పూర్తిగా ఆపిన ప్రతిసారీ నాలుగు చిన్న చెంచాల పెట్రోలు వృథా అయినట్లే. అదే 40 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే నష్టం అందులో సగానికన్నా తక్కువ. వేగం రెట్టింపయితే కారులో నిల్వ ఉండే గమనశక్తి నాలుగు రెట్లవుతుంది. ఈ తేడాకు కారణం అదే.

కాబట్టి పొదుపుకు మొదటి సూత్రం బ్రేకు అవసరాన్ని తగ్గించుకోవడం. దీని అర్థం బ్రేకు వేయవలసిన చోట వేయకపోవడం కాదు. ముందున్న దారిని గమనించి, ఆగవలసి వస్తుందని తెలిసినప్పుడు ముందుగానే యాక్సిలరేటర్ నుంచి పాదం తీసివేయడం. సాక్చీ గోల్ చక్కర్ వంటి కూడలిని సమీపించేటప్పుడు చివరి క్షణం వరకు వేగంగా వెళ్లి గట్టిగా బ్రేకు వేసే చోదకుడు, 100 మీటర్ల ముందే పాదం తీసి నెమ్మదిగా చేరుకునే చోదకుడు దాదాపు ఒకే సమయానికి చక్కర్ దాటుతారు. మొదటివాడు ఇంధనాన్ని బ్రేకులకు అర్పించగా, రెండోవాడు దాన్ని ప్రయాణానికి వినియోగించుకుంటాడు.

హఠాత్తుగా వేగం పెంచడం, గట్టిగా బ్రేకు వేయడం వంటి దూకుడు అలవాట్లు నగరంలో తరచూ ఆగి కదిలే ప్రయాణంలో మైలేజీని 10 నుంచి 40 శాతం వరకు, హైవే వేగాల్లో 15 నుంచి 30 శాతం వరకు తగ్గించగలవని అమెరికా ఇంధన శాఖ పేర్కొంటోంది. ముందు వాహనానికి తగినంత దూరం పాటించే అలవాటుతో ఈ నష్టంలో చాలా భాగం తప్పుతుంది. మధ్యలో ఖాళీ ఉన్నప్పుడు ముందు వాహనం నెమ్మదించినా, వెనుక వస్తున్న చోదకుడు బ్రేకు అవసరం లేకుండానే సర్దుకోగలడు.

గేర్లు మార్చే తీరు

పెట్రోలు కారులో ఇంజను వేగం నిమిషానికి 2,000 నుంచి 2,500 భ్రమణాలకు చేరినప్పుడు పై గేరుకు మారడం సాధారణంగా మేలు. మూడో గేరులోనే ఇంజనును హోరెత్తిస్తూ పరుగెత్తించడం వల్ల ఇంధనం అధికంగా ఖర్చవుతుంది. అలాగని చాలా తక్కువ వేగంలో పై గేరు వేసి, ఇంజను వణుకుతుండగా యాక్సిలరేటర్‌ను అదిమిపట్టడం కూడా సరికాదు. దానివల్ల ఇంజనుపై భారం పడుతుంది. కొత్త కార్లలో డ్యాష్‌బోర్డుపై గేరు మార్చే సమయాన్ని సూచించే బాణపు గుర్తు ఉంటుంది. మొదట్లో దాన్ని అనుసరిస్తే క్రమంగా చెవికే అలవాటవుతుంది.

రద్దీలో క్లచ్‌పై పాదాన్ని ఆనించి ఉంచే అలవాటు కూడా మానుకోవాలి. సగం నొక్కిన క్లచ్ జారుతూ, ఇంజను శక్తిని వేడిగా వృథా చేస్తుంది. పైగా క్లచ్ ప్లేట్లు త్వరగా అరిగిపోతాయి.

నిలిచి ఉన్న కారు, నడుస్తున్న ఇంజను

కదలని కారు మైలేజీ సున్నా. చిన్న పెట్రోలు ఇంజను ఊరక నడుస్తున్నప్పుడు గంటకు అర లీటరుకు పైగా ఇంధనం తాగుతుంది, ఏసీ వేసి ఉంటే మరింత ఎక్కువ. నిమిషానికి 10 మిల్లీలీటర్లుగా లెక్కిస్తే, రోజుకు 10 నిమిషాలు రైల్వే గేటు వద్దనో, పాఠశాల ముందు పిల్లల కోసమో ఇంజను ఆపకుండా నిరీక్షించే వ్యక్తి 300 రోజుల్లో 30 లీటర్లు కోల్పోతాడు. నేటి కార్లలో 10 సెకన్లకు మించి ఆగవలసి వస్తే ఇంజను ఆపివేయడమే లాభమని అంచనా. తిరిగి స్టార్ట్ చేయడానికి అంతకన్నా తక్కువ ఇంధనం సరిపోతుంది. అయితే బ్యాటరీ పాతబడిన కార్లలో ప్రతి చిన్న నిలుపుదలకూ ఇలా చేయకుండా, దీర్ఘ విరామాలకే పరిమితం కావడం మంచిది.

చలికాలపు ఉదయాల్లో ఇంజను వేడెక్కే వరకు కారును ఇంటి ముందే నిలిపి ఉంచే పద్ధతి కార్బ్యురేటర్ల కాలం నాటిది. ఇప్పటి ఇంజన్లకు అర నిమిషం చాలు. ఆ తర్వాత మొదటి కొన్ని కిలోమీటర్లు మృదువుగా నడిపితే ఇంజను ప్రయాణంలోనే వేడెక్కుతుంది. చల్లటి ఇంజను ఎక్కువ ఇంధనం వాడుతుంది కనుక చిన్నచిన్న ప్రయాణాలను కలుపుకోవాలి. కద్మా నుంచి బిష్టుపుర్ బజారుకు ఒకసారి, బ్యాంకుకు మరోసారి వెళ్లే బదులు రెండు పనులనూ ఒకే ప్రయాణంలో ముగించుకోవడం మేలు.

హైవేపై వేగం, ఘాట్ రోడ్డుపై జాగ్రత్త

ఉక్కు నగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఉత్తరాంధ్రతో బంధం నేటికీ కొనసాగుతోంది. పండుగలకో, శుభకార్యాలకో బహరాగోడా, బాలాసోర్, భువనేశ్వర్ మీదుగా శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు సొంత కార్లలో వెళ్లేవారు ఉన్నారు. జంషెడ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి రోడ్డు మార్గంలో 800 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఇంత దూరంలో ఖర్చును నిర్ణయించేది ప్రధానంగా వేగమే. గాలి నిరోధం వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగం 80 నుంచి 100 కిలోమీటర్లకు పెరిగితే, కారును వెనక్కి నెట్టే గాలి బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగం పొదుపునకు అనువైనదని ఎంతోకాలంగా ప్రచారం చేస్తోంది. నాలుగు వరుసల రహదారిపై అంత తక్కువ వేగంతో వెళ్లదలచినవారు ఎడమ వరుసలోనే ఉండాలి. దూరప్రయాణాల్లో స్థిరంగా 70 నుంచి 80 కిలోమీటర్ల మధ్య నడపడం సమయానికీ, ఇంధనానికీ మధ్య సమంజసమైన మార్గం. వేగపరిమితికీ ఇంధన పొదుపునకూ ఉన్న సంబంధాన్ని ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. 1973 నాటి చమురు సంక్షోభం తర్వాత అమెరికా 1974లో దేశవ్యాప్తంగా గంటకు 55 మైళ్ల, అంటే సుమారు 88 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని విధించింది.

రాంచీ దారి లెక్క వేరు. జంషెడ్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తులో ఉండగా, రాంచీ సుమారు 650 మీటర్ల ఎత్తున పీఠభూమిపై ఉంది. ఈ 500 మీటర్ల ఎత్తు ఎక్కడానికే చిన్న కారు అర లీటరుకు పైగా అదనపు పెట్రోలు వాడుతుంది. తిరుగు ప్రయాణంలో అందులో కొంత కలిసివస్తుంది. అందుచేత ఈ దారిలో మైలేజీని రానుపోను కలిపి లెక్కించాలి తప్ప ఒకవైపు ప్రయాణంతో నిర్ణయించరాదు.

తైమారా ఘాట్ వంటి దిగుడు దారుల్లో గేరును న్యూట్రల్‌లో ఉంచి కారును జారవిడిస్తే ఇంధనం మిగులుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఇది ప్రమాదకరమే కాదు, నేటి కార్ల విషయంలో అసత్యం కూడా. గేరులో ఉండగా యాక్సిలరేటర్‌ను పూర్తిగా వదిలితే, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. ఆ సమయంలో కంప్యూటర్ ఇంధన సరఫరాను దాదాపు పూర్తిగా నిలిపివేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగిపోకుండా ఉండేందుకు ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. పైగా ఇంజను నిగ్రహం లేకపోవడంతో భారమంతా బ్రేకులపై పడుతుంది. అవి అతిగా వేడెక్కితే పట్టు కోల్పోతాయి. కదులుతున్న కారులో ఇంజనును ఆపివేయడం ఇంకా ప్రాణాంతకం. బ్రేకులకు, స్టీరింగ్‌కు అందే సహాయక శక్తి నిలిచిపోతుంది. తాళంచెవిని వెనక్కి తిప్పితే స్టీరింగ్ బిగుసుకుపోయే అవకాశం కూడా ఉంది.

గాలి నిరోధాన్ని తప్పించుకోవడానికి లారీ వెనుక అతి దగ్గరగా వెళ్లడం మరో దుస్సాహసం. భారీ వాహనాల రద్దీ అధికంగా ఉండే ఈ రహదారులపై దాని ఫలితం ఏమిటో వివరించనవసరం లేదు.

టైర్లు, బరువు, ఏసీ

టైర్లలో గాలి తగ్గితే రోడ్డుపై రాపిడి పెరిగి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. టైర్లు అసమానంగా అరుగుతాయి. డ్రైవరు తలుపు పక్కనున్న చట్రంపై కంపెనీ సూచించిన పీడనం ముద్రించి ఉంటుంది. నెలకు కనీసం రెండుసార్లు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పరీక్షించుకోవాలి. దూరప్రయాణం తర్వాత వేడెక్కిన టైరులో పీడనం సహజంగానే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని చూసి గాలి తీసివేయరాదు.

డిక్కీలో నెలల తరబడి ఉండిపోయే అనవసరపు సామాను తొలగించాలి. సుమారు 45 కిలోల అదనపు బరువు మైలేజీని ఒక శాతం మేర తగ్గిస్తుంది. తేలికైన చిన్న కార్లపై ఈ ప్రభావం మరికొంత ఎక్కువ. కారు పైకప్పుపై సామాను కట్టడం గాలి నిరోధాన్ని గణనీయంగా పెంచుతుంది.

మే నెలలో జంషెడ్‌పూర్ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. అటువంటప్పుడు ఏసీ మానమనడం ఆచరణసాధ్యం కాదు. ఎండలో నిలిపిన కారు తలుపులు తెరిచి, తొలి నిమిషంలో అద్దాలు దించి వేడి గాలిని బయటకు పంపిన తర్వాత ఏసీ వేస్తే దానిపై భారం తగ్గుతుంది. నగరంలో తక్కువ వేగంతో వెళ్లేటప్పుడు అద్దాలు దించుకోవడం పొదుపు. హైవే వేగంలో మాత్రం తెరిచిన అద్దాలు గాలిని అడ్డగిస్తాయి కనుక, అద్దాలు మూసి ఏసీని మితంగా వాడటమే మేలు.

ప్రకటించిన మైలేజీ, వాస్తవ మైలేజీ

కంపెనీలు ప్రకటించే మైలేజీ ప్రయోగశాలలో, నిర్ణీత వేగాల క్రమంలో, రోలర్లపై కారును నడిపి కొలిచినది. అక్కడ గుంతలు, రద్దీ, ఎదురుగాలి ఉండవు. కాబట్టి అది కార్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఉపయోగపడుతుంది కానీ, రోడ్డుపై అంతే వస్తుందన్న హామీ కాదు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు ప్రభావం కూడా గమనించాలి. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో లీటరుకు సుమారు మూడింట ఒక వంతు శక్తి తక్కువ. అందువల్ల మైలేజీలో కొద్దిపాటి తగ్గుదల సహజం. దానికి అనుగుణంగా తయారైన కార్లలో ఈ తగ్గుదల స్వల్పంగా, పాత కార్లలో కొంత ఎక్కువగా ఉంటుంది.

తెల్లవారుజామున పెట్రోలు పోయించుకుంటే ఎక్కువ వస్తుందన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఒక డిగ్రీ ఉష్ణోగ్రతకు పెట్రోలు పరిమాణంలో వచ్చే మార్పు సుమారు 0.1 శాతం మాత్రమే. బంకుల్లో ఇంధనం భూగర్భ ట్యాంకుల్లో ఉంటుంది కనుక పగటికీ రాత్రికీ దాని ఉష్ణోగ్రత పెద్దగా మారదు.

లెక్క ఎలా చూసుకోవాలి

ఏ అలవాటు ఎంత మేలు చేసిందో తెలియాలంటే కొలత ఉండాలి. ట్యాంకును పంపు తనంతట తాను ఆగే వరకు నింపి, ఓడోమీటర్ అంకెను రాసుకోవాలి. ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయ్యాక అదే బంకులో అదే విధంగా మళ్లీ నింపాలి. మధ్యలో తిరిగిన దూరాన్ని రెండోసారి పోయించిన లీటర్లతో భాగిస్తే వాస్తవ మైలేజీ వస్తుంది. ఉదాహరణకు 456 కిలోమీటర్లు తిరిగిన తర్వాత 28.5 లీటర్లు పట్టితే మైలేజీ 16 కిలోమీటర్లు. ఒక్కసారి లెక్కపై ఆధారపడకుండా కనీసం మూడు ట్యాంకుల సగటు తీసుకోవాలి.

ఈ కొలత పద్ధతి కొత్తదేమీ కాదు. 1939లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో షెల్ పరిశోధనశాల శాస్త్రవేత్తలు ఎవరి కారు తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం వెళ్తుందని సరదాగా పందెం వేసుకున్నారు. నాటి విజేత సాధించినది లీటరుకు సుమారు 21 కిలోమీటర్లు. ఆ పందెమే తర్వాతి కాలంలో షెల్ ఎకో మారథాన్ అనే అంతర్జాతీయ పోటీగా ఎదిగింది.

కొత్త అలవాటును ఒక్కొక్కటిగా ఆరంభించడం మంచిది. మొదటి నెల ముందుచూపుతో యాక్సిలరేటర్ వదలడం, రెండో నెల ఇంజను ఆపివేయడం, మూడో నెల హైవే వేగాన్ని తగ్గించడం వంటి క్రమాన్ని పాటిస్తే దేనివల్ల ఎంత లాభమో స్పష్టమవుతుంది. మైలేజీ కోసం భద్రతను పణంగా పెట్టే పద్ధతి ఏదైనా ఆ జాబితాలో చేర్చకూడదు. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా మైలేజీ అకస్మాత్తుగా పడిపోతే అది అలవాట్ల లోపం కాకపోవచ్చు. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, పట్టేసిన బ్రేకులు, చక్రాల అలైన్‌మెంట్ వంటివాటిని మెకానిక్‌తో పరీక్షింపజేసుకోవాలి.