గుల్లసున్నం గురించి కొంత

1780లో ఓడ దిగిన ఆంగ్ల చిత్రకారుడు విలియం హోడ్జెస్‌కు సముద్రం మీదినుంచి మదరాసు కోటలోని భవనాలు పాలరాతి కట్టడాల్లా కనిపించాయి. అది రాయి కాదు, సున్నం. తన యాత్రాగ్రంథంలో (1793) ఆయన దాన్ని పాలరాతితోనే పోల్చాడు. ఇంగ్లీషువారి నోట ఆ సున్నమే 'చునాం' అయింది.

అది కొండరాయి సున్నం కాదు. ఆలిచిప్పలు, నత్తగుల్లలు బట్టీలో కాల్చి తీసిన గుల్లసున్నం. నగరానికి ఉత్తరాన పులికాట్, అదే మన ప్రళయకావేరి, అడుగున ఈ గుల్లలు పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి.

పూత మూడుసార్లు వేసేవారు. మొదటిది సున్నం, ఇసుక, బెల్లపు నీళ్ళు కలిపి, అర అంగుళం మందాన. రెండోది పలుచన. మూడోదానిలోనే ఉంది పనితనమంతా. మెత్తగా నూరిన సున్నంలో సన్నని తెల్ల ఇసుక, కోడిగుడ్ల తెల్లసొన, పుల్లపెరుగు, నెయ్యి. (ఇంటి ఇల్లాలు వింటే గోడకు ఇంత తిండా అంటుంది.) పూసి వదిలేస్తే అది వట్టి గచ్చు. నున్నని రాతితో రుద్దాలి. చెమ్మ ఊరినప్పుడల్లా గుడ్డతో తుడిచి మళ్ళీ రుద్దాలి. ఇలా రోజుల తరబడి.

1815 నాటి సెయింట్ జార్జి కెథెడ్రల్ స్తంభాలకు, 1821లో పూర్తయిన ఎగ్మూరు కిర్క్‌లో గుమ్మటాన్ని మోసే పదహారు స్తంభాలకు ఆ నిగనిగ అలా వచ్చిందే. కిర్క్ కట్టిన ఇంజనీరు థామస్ డి హావిలాండ్ పేరు చరిత్రలో ఉంది. గుల్లలు ఏరినవారివి, గానుగ తిప్పినవారివి, స్తంభాలు రుద్దినవారివి లేవు. ఖర్చు రాసుకున్న చోట మనిషిని రాసుకోకపోవడం లెక్కల్లో పాత అలవాటే.

గోపురాల మీది బొమ్మలదీ సున్నపు పనే. మైలాపూరు కపాలీశ్వరుని 1906 నాటి రాజగోపురం చూడండి. ఇటుకతో ముతక ఆకారం కట్టి, పైన తడి సున్నం మెత్తి, అది బిగిసేలోగా కన్ను, ముక్కు తీర్చాలి. తమిళులు దీన్ని 'సుదై' అంటారు. సంస్కృతంలో సుధ అంటే అమృతమూ, సున్నమూ. మన 'సౌధం' అందులోంచి వచ్చిందే.

పాత గోడ పెచ్చులూడితే ఇప్పుడు సిమెంటు పూస్తున్నారు. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. ఉప్పుగాలి ఊళ్ళో ఆ గోడ లోలోపలే పొడిరాలుతుంది. పోనీ మళ్ళీ గుల్ల తవ్వుదామా అంటే, ప్రళయకావేరి ఇప్పుడు పక్షుల రక్షిత ప్రాంతం. అడుగు తవ్వితే చేపకు చోటుండదు, చేప లేకపోతే అక్కడి జాలర్లకు కూడుండదు.