రక్తములోని కావలివాడు

తండ్రి గుండెజబ్బుతో పోయిన ఇంట కుమారునికి ఒక్కటే దిగులు: "నా నొసటను ఇదియే వ్రాసియున్నదా?" ఈ ప్రశ్నకు దారి చూపినది, విచిత్రముగా, విషముల పరిశోధన.

నరములను స్తంభింపజేయు విషములను విరుచు ఎంజైము జంతువుల శరీరమున కలదని 1946లో అబ్రహాం మజూర్ వెల్లడించెను. 1953లో ఇంగ్లండున ఆల్డ్రిడ్జ్ రక్తములోని ఇట్టి ఎంజైములను వర్గీకరించెను. పారాక్సాన్ అను విషమును విరుచునది పారాక్సొనేజు.

ఇది గుండెకును కావలి కావచ్చునని 1991లో మాంచెస్టరులో మాక్‌నెస్, డరింగ్‌టన్ ప్రభృతుల ప్రయోగములు సూచించినవి. మంచి కొలెస్టరాలును అంటియుండు ఈ ఎంజైము, చెడు కొలెస్టరాలు కణములలోని కొవ్వు ఆక్సీకరణము చెందకుండ అడ్డుకొనును. అట్లు చెడిన కొవ్వు రక్తనాళములను పూడ్చుటకు తోడ్పడును. 1998లో, ఈ ఎంజైము లేని ఎలుకలకు కొవ్వు మేత పెట్టగా నాళములు మరింత పూడినవి.

అయితే ఈ కావలి అందరిలో ఒక్క తీరున లేడు. ఎంజైములోని 192వ స్థానమున కొందరికి గ్లుటమిన్, కొందరికి ఆర్జినిన్ ఉండునని 1993లో తేలినది. ఇది వంశపారంపర్యముగా వచ్చు భేదము. ఆర్జినిన్ రూపము పారాక్సాన్‌ను వడిగా విరుచును. గుండె భవితవ్యమును కూడ ఈ భేదమే తెలుపునని పలువురు ఆశించిరి. కాని 2004లో 43 అధ్యయనములను కలిపి చూడగా సంబంధము స్వల్పమే. పెద్ద అధ్యయనములలో దాదాపు శూన్యము. జన్యురూపముకంటె రక్తములో ఎంజైము చురుకుదనమే ముఖ్యమని కొన్ని పరిశీలనలు తెలిపినవి. పొగత్రాగువారిలో ఆ చురుకుదనము తగ్గియుండును.

కనుక ఆ కుమారునికి చెప్పదగినది ఇది: నొసటి వ్రాత ఒక్క అక్షరముతో ముగియదు. చేతిలోని చుట్టను పారవేయుట అతని వశమున నున్నది.