ఇంటి కారు ఆఖరి ఆట

కొత్త కారు ఇంటికొస్తే మనం చేసే హడావిడి తెలిసిందేగా. గుడి ముందు ఆపి, పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. దసరాకి ఆయుధపూజ నాడు మళ్లీ ముస్తాబు చేస్తాం. మరి అది ముసలిదైపోయాక? ఎవరో వచ్చి బేరమాడి తుక్కు కింద తోలుకుపోతారు, అంతే. సాగనంపడానికి మన దగ్గర ఏ వేడుకా లేదు. అమెరికా పల్లెల్లో మాత్రం ఒకటుంది. దాని పేరు డెమాలిషన్ డెర్బీ.

బురద మైదానంలోకి పాత కార్లను వదులుతారు. అవి కావాలని ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. అన్నీ మొరాయించాక ఇంకా కదులుతున్న కారుదే గెలుపు. ఎక్కువగా వేసవిలో జరిగే కౌంటీ ఫెయిర్లలో, అంటే మన తిరణాళ్లలాంటి వాటిలో, ఇదే పెద్ద ఆకర్షణ. చూసేవాళ్లకి ఇది ఉత్త విధ్వంసమే. కానీ ఆ కారును బరికి ఎలా సిద్ధం చేస్తారో తెలుసుకున్నాక నాకు వేరే సంగతి కనిపించింది. అక్కడ పగలగొట్టేది కాసేపే. అంతకుముందు వారాల తరబడి చేసే పనిలో చాలా భాగం లోపల కూర్చునే మనిషిని కాపాడుకోవడానికే.

ఈ ఆట ఎవరు మొదలుపెట్టారన్నది తేలని వాదన. 1940ల చివర్లోనే కాలిఫోర్నియాలో ఇలాంటివి జరిగాయని కొందరంటారు. ఎక్కువగా వినిపించే పేరు లారీ మెండెల్సన్‌ది. జనం పందెం కంటే అందులో జరిగే గుద్దుళ్లనే ఎక్కువ ఇష్టంగా చూస్తున్నారని ఆయన గమనించాడట. 1958లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో, ఇస్లిప్ స్పీడ్‌వే అనే మైదానంలో, ఒట్టి గుద్దుళ్ల పోటీయే పెట్టాడు. తర్వాత ఏబీసీ టీవీ వాళ్ల 'వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్' కార్యక్రమం ఇస్లిప్ పోటీలను దేశమంతటికీ చూపించింది.

దీనికి కార్లు ఎక్కడివి? ఇళ్లలోవే. యుద్ధం తర్వాత అమెరికా మధ్యతరగతి ఇల్లంటే వాకిట్లో ఒక పెద్ద కారు. షెవర్లే ఇంపాలా, ఫోర్డ్ ఎల్‌టీడీ, క్రైస్లర్ న్యూయార్కర్ వంటివన్నీ ఆ కోవవే. 1965లో ఒక్క ఇంపాలాయే పది లక్షలకు పైగా అమ్ముడైంది. పిల్లలు, సామాన్లు, కుక్క అన్నీ పట్టే స్టేషన్ వ్యాగన్లు సరేసరి. వీటిలో చాలావాటికి అడుగున లారీకి ఉన్నట్టు విడిగా బలమైన ఉక్కు ఫ్రేమ్ ఉండేది. వెనక డిక్కీ బారెడు. గుద్దుళ్లకు ఇంతకంటే ఏం కావాలి? 1960ల నాటి క్రైస్లర్ ఇంపీరియల్ అయితే మరీ మొండిది. దాన్ని దింపితే మిగతావాటికి దిక్కులేదని చాలా చోట్ల నిషేధించారు.

ఇక తయారీ సంగతి. నియమాలు ఊరూరికీ కొంత మారతాయి కానీ మూలసూత్రం ఒకటే: మనిషిని గాయపరచగల ప్రతిదీ బయటికి. ముందుగా అద్దాలు, లైట్లు అన్నీ పీకేసి, గాజు పెంకు లేకుండా ఊడుస్తారు. అంటుకునే కార్పెట్లు, వెనక సీట్లు తీసేస్తారు. పెట్రోలు ట్యాంకు మామూలుగా వెనక భాగంలో ఉంటుంది. ఈ ఆటలో రేడియేటర్‌ను కాపాడుకోవడానికి ఎక్కువగా వెనక్కి నడిపి, వెనక భాగంతోనే గుద్దుతారు. అందుకని ఆ ట్యాంకు తీసేసి, చిన్న ట్యాంకొకటి లోపల, వెనక సీటుండే చోట గట్టిగా బిగిస్తారు. బ్యాటరీని ముందు నుంచి తెచ్చి పక్క సీటు దగ్గర నేల మీద కట్టేస్తారు. తలుపులు తెరుచుకోకుండా గొలుసులు చుట్టడమో, వెల్డింగ్ చేయడమో చేస్తారు. డ్రైవరు వైపు ఉక్కు కడ్డీ, మెత్త వేస్తారు. మంటలొస్తే ఆర్పడానికి బానెట్‌కి రంధ్రం కోస్తారు. రేడియేటర్‌లో మామూలు నీళ్లే పోస్తారు. డ్రైవరు తలుపుని గుద్దితే ఆటలోంచి అవుట్. అది అందరికీ తెలియాలని చాలా చోట్ల ఆ తలుపుకి తెల్ల రంగు వేస్తారు. వేగం పుంజుకోకుండా నేలను ముందే నీళ్లతో తడిపేస్తారు. హెల్మెట్, సీటు బెల్టు తప్పనిసరి.

చాలా ఇళ్లలో ఇది తండ్రీబిడ్డల పని. బోల్టు విప్పడం, వైర్లు కలపడం పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. గెలిచినా వచ్చే డబ్బు తరచూ ఖర్చులకే సరిపోదు. ఆడవాళ్లకు విడిగా పెట్టే పోటీని చాలా ఏళ్లు 'పౌడర్ పఫ్' అన్నారు. అంటే మొహానికి పౌడరద్దుకునే కుచ్చు! ఆ పేరు పెట్టింది ఆడవాళ్లు కాదని వేరే చెప్పాలా?

1973లో చమురు సంక్షోభం వచ్చింది. పెట్రోలు కోసం బారులు తీరాక పెద్ద కారు బరువైపోయింది. 1977 మోడళ్ల నుంచి జనరల్ మోటార్స్ తన పెద్ద కార్లను చిన్నవి చేసింది. 1984 మోడళ్లుగా క్రైస్లర్ మినీవ్యాన్లు రాగానే స్టేషన్ వ్యాగన్ల వైభవం తగ్గసాగింది. ఇళ్లు వదిలించుకున్న ఆ బండ్లే డెర్బీకి ముడిసరుకు. 2009లో ప్రభుత్వం పాత కార్లకు డబ్బిచ్చి, సుమారు 6 లక్షల 77 వేల బండ్లను రద్దు చేయించింది. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా 2011లో ఆగిపోయింది. ఇప్పుడు చాలా ఫెయిర్లలో చిన్న కార్లకు విడిగా పోటీలు పెడుతున్నారు.

"పాత కార్లు ఎంత గట్టివో!" అని మనవాళ్లూ అంటుంటారు. కానీ రోడ్డు మీద ఆ గట్టిదనం మనకు శత్రువే. కారు నలగకపోతే ఆ దెబ్బ లోపలి మనిషికి చేరుతుంది. అందుకే ఇప్పటి కార్లను ముందూ వెనకా నలిగేలా, మనుషులు కూర్చునే చోటు మాత్రం నలగకుండా కడుతున్నారు. డెర్బీ కుటుంబాలు తమ షెడ్డుల్లో చేతనైనంతలో చేస్తున్నదీ ఇలాంటి జాగ్రత్తే. బంపరు పోతే పోనీ, డిక్కీ చితికితే చితకనీ, ఆ తెల్ల తలుపు వెనకున్న పిల్లాడు మాత్రం కిటికీలోంచి తనంతట తాను బయటికి రావాలి. కన్నవాళ్లు గ్యాలరీలో కూర్చుని చూసే ఆటకి ఇంతకంటే ముఖ్యమైన నియమం ఏముంటుంది?