మూడు దోసిళ్ళ మట్టి

మా ఇళ్ళలో మనిషి పోతే బంధువులకు వెళ్ళే కబురు ఒక్కటే: మట్టి ఇవ్వడానికి రండి. గుసుల్ చేయించి, కుట్టులేని తెల్లగుడ్డ కఫన్ చుట్టి, జనాజా నమాజ్ చదివి ఖబర్‌లో దించుతాం. మగవాళ్ళకు మూడు బట్టలు, ఆడవాళ్ళకు అయిదు. మట్టి నేరుగా ఒంటిమీద పడకుండా చెక్కలో బండలో అడ్డం పరుస్తాం. వచ్చినవాళ్ళు తలా మూడు దోసిళ్ళ మట్టి వేస్తారు. రసాయనాల్లేవు, ఆడంబరం లేదు. నవాబుకైనా నూర్‌బాషాకైనా షరియత్ చెప్పేది ఇదే.

మరి గుంబజ్‌లెందుకు లేచాయి? ఖబర్‌కు గచ్చు వేయొద్దని, దానిమీద కట్టడం లేపొద్దని హదీసు ఉంది. పాదుషాలు దాన్ని పక్కనపెట్టారు. గోల్కొండ కుతుబ్‌షాహీలు గుంబజ్‌లు కట్టుకున్నారు, షాజహాన్ తాజ్‌మహల్ కట్టాడు. అయితే 1681లో చనిపోయిన ఆయన కూతురు జహానారా ఖబర్ ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో చూడండి. చుట్టూ పాలరాయి ఉన్నా పైన కప్పు లేదు, మట్టిలో గడ్డి మొలుస్తుంది. 1687లో గోల్కొండను కూల్చిన ఔరంగజేబు 1707లో పోయాడు. ఖుల్దాబాద్‌లో అతని ఖబర్ మీదా ఆకాశమే. అతను దౌలతాబాద్ కోటలో బందీగా ఉంచిన మన తానాషా ఖబర్ కూడా ఆ ఊళ్ళోనే ఉంది. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే ఊరి మట్టిలో కలిశారు.

1993లో ఇంగ్లండ్‌లోని కార్లైల్ పట్టణ శ్మశానంలో దీనికి దగ్గరి పద్ధతే మొదలుపెట్టారు. మట్టిలో కలిసిపోయే పెట్టెలో పూడ్చి, రాతిపలక బదులు చెట్టు నాటుతారు. పర్యావరణానికి మేలని లోకం మెచ్చుకుంది. మంచిదే. కానీ మేం తరతరాలుగా చేస్తున్నది మాత్రం భూమి తినేయడమట!

నిందతోనే ఆగితే బాగుండేది. 2020లో శ్రీలంక ప్రభుత్వం కొవిడ్‌తో పోయినవాళ్ళందరినీ దహనం చేయాల్సిందేనంది. పూడిస్తే భూగర్భజలం చెడుతుందని సాకు. పూడ్చవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా వినలేదు. తల్లిదండ్రులు ఒప్పుకోకపోయినా ఇరవై రోజుల పసిబిడ్డను కాల్చారు. ఆ ఆజ్ఞను 2021 ఫిబ్రవరిలో ఎత్తేశారు, 2024లో క్షమాపణ చెప్పారు. బూడిదకు ఎవరు మట్టి ఇస్తారు?

ఇక మా సంగతీ చెప్పుకోవాలి. మా ఖబ్రస్తాన్‌లలోనూ సిమెంటు, గ్రానైటు లేస్తున్నాయి. మట్టి ఖబర్ అయితే ఏళ్ళు గడిచాక అక్కడే ఇంకొకరిని పడుకోబెట్టొచ్చు. గచ్చు వేస్తే ఆ చోటు ఒక్కడిదే అయిపోతుంది. ఉన్నవాడి గ్రానైటు కింద పోతున్నది బస్తీ పేదవాడి ఆరడుగుల నేల. ఖబ్రస్తాన్‌కు జాగా కావాలని సర్కారును గట్టిగా అడగాల్సిందే. అడిగేముందు మా పెద్దల ఖబర్‌ల మీది సిమెంటును మేమే దించాలి.